పగులుకు కోసిన నూటయాభై

ఆ సైకిలుతో పోయినవాటిని ముందుగా లెక్క రాస్తాను. సైకిలు ధర ఐదు వందలు. మా బావ పై వరస ముందు పళ్లు రెండు. ఆయన ఎడమ భుజం దగ్గరి ఎముక. అది అతికింది గానీ వంకరగా అతికింది, కాబట్టి పోయినవాటి కిందే రాస్తున్నాను. దవాఖానకు పద్నాలుగు వందలు. పద్దెనిమిది క్వింటాళ్ల వడ్లు. కాలువ మీద బావ పని. మా అక్క నాతో మాట్లాడని ఎనిమిదేళ్లు. ఒక పార కూడా ఉంది, కాలువలో పడింది, మళ్లీ దొరకలేదు. దాని ధర నలభై అని బావ అంటాడు, ముప్పై ఐదని నేనంటాను. అదొక్కటి ఇప్పటికీ తేలలేదు.

నేను చదివింది ఏడో తరగతి. బాన్సువాడ మార్కెట్ యార్డులో ఒక కమీషన్ దుకాణం కాంటా దగ్గర చేరి, బస్తాల తూకాలు రాస్తూ రాస్తూ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. భిన్నాలు వడ్ల తరుగు చూసి నేర్చుకున్నాను, వడ్డీలు రైతుల ముఖాలు చూసి నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లు వచ్చేసరికి యార్డులో ఎవరికి కూడిక తప్పినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. అది నాకు తలకెక్కిందని ఇప్పుడు రాయడానికి సిగ్గేమీ లేదు.

మా దిక్కున పశువుల అంగట్లో ఎద్దును కొనేవాడు ఒంటరిగా పోడు. ఐబులు చెప్పేవాణ్ని ఒకణ్ని వెంట తీసుకుపోతాడు. ఐబు అంటే లోపం. ఆ మనిషి ఎద్దు చుట్టూ తిరిగి, అమ్మేవాడి ఎదుటే ఒక్కో ఐబు పైకి చెప్పి, ఒక్కో ఐబుకు ఇంత అని ధర కోస్తాడు. కోసినదాంట్లో రూపాయికి పావలా అతని కూలి. ఇందులో అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. చెప్పిన ఐబులను ఎవరూ నమ్మరు. చెప్పినవాడు నమ్మడు, కొన్నవాడు నమ్మడు, అమ్మినవాడు అసలే నమ్మడు. బేరం కుదిరాక అమ్మినవాడే చాయ్ తాగిస్తాడు. గుడ్డిదీ కుంటిదీ అని తిట్లు తిన్న ఎద్దు మర్నాడు పొద్దున నాగలికి కట్టించుకుని బాగానే నడుస్తుంది.

నాకు ఎద్దుల సంగతి తెలియదు. ఇనుము సంగతి తెలుసు, ఎందుకంటే ఇనుముకు కొలతలుంటాయి. అందుకని నేను సైకిళ్లకూ మోపెడ్లకూ ఐబులు చెప్పడం మొదలుపెట్టాను. జేబులో ఆరంగుళాల ఉక్కు స్కేలు ఉండేది. గొలుసులో ఆరు జతల లింకులు సరిగ్గా ఆరంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు సాగినా గొలుసు పనైపోయినట్టే. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ కింద కప్పులు వదులయ్యాయో లేదో చేతికి తెలుస్తుంది. పెడల్ చేతిని పక్కలకు కదిపితే ఇరుసు సంగతి తెలుస్తుంది. గేరు పళ్లు అరిగితే ఒక పక్కకు వంగి కొక్కేల్లా ఉంటాయి. ఇవన్నీ మార్చుకోదగినవి. మార్చుకోలేనిది ఫ్రేము ఒక్కటే. కింది గొట్టం హ్యాండిల్ గొట్టాన్ని కలిసే చోట, అడుగున, వేలిగోరు పెట్టి గీయాలి. అక్కడ రంగు ముడత పడినా, సన్నని గీత తగిలినా ఆ సైకిలు ఎప్పుడో ఎదురుగా దేనికో గుద్దుకుందని అర్థం. మిగతావన్నీ కొత్తగా ఉన్నా సరే, దాన్ని వదిలేసి ఇంటికి పోవాలి. ఇది నేను పదిమందికి చెప్పిన మాట.

తొంభైల చివర్లో ఒక వానాకాలానికి ముందు మా బావ నా దగ్గరికి వచ్చాడు. ఆయన మా అక్క భర్త, నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. వాళ్ల ఊరు బాన్సువాడకు ఆరు కిలోమీటర్లు. ఎకరన్నర పొలం, అదీ కాలువ చివర. నిజాంసాగర్ నీళ్లు సోమవారం వదులుతారని తెలిసి మూడు ఊళ్ల రైతులు కలిసి తమ పిల్లకాలువకు ఒక మనిషిని పెట్టుకుంటున్నారు. ఆ మనిషి రోజుకు మూడుసార్లు గట్టు మీద తిరగాలి, తూములు తెరవాలి, మూయాలి, దొంగచాటుగా గండి కొట్టినవాణ్ని పట్టుకోవాలి. కూలి ఎకరానికి ఐదు కిలోల వడ్లు. నాలుగు వందల ఎకరాలకు ఇరవై క్వింటాళ్లు. ఆ పనికి ఇంకొకడు కూడా కాచుకుని ఉన్నాడు. రైతులు తేల్చి చెప్పారు: సోమవారం పొద్దున గట్టు మీద నడిచే సైకిలుతో ఎవరు వస్తే పని వాళ్లది.

బావ దగ్గర ఉన్న పాత సైకిలు టైర్లు సన్నవి. వాన పడితే గట్టు మీది నల్లమట్టిలో అంగుళాల లోతు దిగిపోయేవి. లావు టైర్ల గేర్ల సైకిలు కావాలి. ఆయన దగ్గర ఏడు వందలున్నాయి. పని దొరక్కపోతే మా అక్క మళ్లీ బీడీల చాట ఒళ్లో పెట్టుకోవాలి. వేళ్లు పగిలి నెత్తురు కారుతుంటే ఆమె ఆ ముందు ఏడాదే మానేసింది. ఇదంతా బావ చెప్పలేదు, నాకే తెలుసు. ఆయన అడిగింది ఒక్కటే, శనివారం తనతో రమ్మని.

బాన్సువాడలోనే, బీడీలు చుట్టేవాళ్ల గల్లీలో, ఒకామె అలాంటి సైకిలు అమ్ముతోంది. దాన్ని ఆమె భర్త కొన్నేళ్ల కింద రుద్రూర్ క్వార్టర్లలో ఉండే ఒక ఆఫీసరు కొడుకు దగ్గర కొన్నాడట. ఇప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది, మాట పోయింది. వాకిట్లో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సైకిలును ఆమె కిరసనాయిలు పెట్టి తుడిచి ఉంచింది. ఎర్ర రంగు. పద్దెనిమిది గేర్లలో ఒకటే పనిచేస్తోంది. తొమ్మిది వందలు అడిగింది.

నేను గొలుసు దగ్గర గొంతుక్కూర్చుని స్కేలు ఆమె చేతికే ఇచ్చి పట్టుకొమ్మన్నాను. అది నా పద్ధతి. అమ్మేవాళ్ల చేతనే స్కేలు పట్టిస్తే, తగ్గిన ధరను వాళ్లే ఒప్పుకున్నట్టుంటుంది. ఆమె చేతులకు తంబాకు వాసన ఉంది. గొలుసు నిజంగా సాగింది అంగుళంలో ముప్పై రెండో వంతు. నేను ఎనిమిదో వంతు అని పైకి చదివాను. ఆమెకు స్కేలు గీతలు తెలియవు. నలభై కోశాను. గేరు పళ్లకు ముప్పై. పనిచేయని గేర్లకు అరవై, గట్టు మీద వాటితో బావకు ఏ పనీ లేకపోయినా సరే. వెనక చక్రం వంకరకు ఇరవై ఐదు, టైర్ల పక్కన పగుళ్లకు నలభై, బ్రేకులకు పదిహేను, సీటుకు పది, పెడల్ ఇరుసుకు ఇరవై, బెల్లు లేనందుకు పది. ఒక్కోదానికి ఆమె వంగి చూసింది, ఏమీ కనబడక నా ముఖం చూసింది. అన్నీ కలిపి రెండు వందల యాభై. గల్లీలో చాటలు ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు చేతులు ఆపకుండానే వింటున్నారు.

ఆరు వందల యాభై దగ్గర ఆమె ఆగిపోయింది. ఇంకా తగ్గితే అమ్మనంది. నేను సైకిలును తలకిందులు చేసి, కింది గొట్టం అడుగున గోరు పెట్టి గీశాను. గోరు ఒకచోట ఆగింది. వెంట్రుకంత గీత. రంగు పెచ్చా, ఇనుమా, చెప్పలేను. కిరసనాయిలు గుడ్డతో రుద్దితే తేలేది. గీకి చూస్తే తేలేది. నేను రెండూ చేయలేదు. లేచి నిలబడి, ఫ్రేము పగిలిందని గట్టిగా చెప్పాను, గల్లీ అంతా వినేలా.

"పగులు లేదు సారూ, ఏం లేదు. గది ఉత్త రంగు గీత," అందామె.

"పగులే. కావాలంటే నీ ఇంటాయనను అడుగు."

మాట లేని మనిషిని అడగమన్నాను. అది విని చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. మంచం మీది ఆయన నా వైపు చూసి కళ్లు మూసుకున్నాడు. నేనది చూశాను. బేరంలో కళ్లు మూసుకున్నవాడు ఓడిపోయినట్టు, నాకు తెలిసింది అంతే. పగులుకు నూటయాభై కోశాను. ఐదు వందలకు సైకిలు మాది అయింది. చాయ్ పోస్తానని ఆమె అనలేదు.

మొత్తం కోసింది నాలుగు వందలు. రూపాయికి పావలా లెక్కన నా కూలి వంద. బావ దగ్గర కూడా తీసుకున్నాను. చుట్టానికి వదిలేస్తే బయటివాళ్లు రేపు అదే అడుగుతారని అప్పట్లో నా లెక్క. బావ లెక్కపెట్టి ఇచ్చాడు. ఆయన దగ్గర ఇంకో వంద మిగిలింది. సైకిలు నడిపించుకుంటూ బస్టాండు దాకా వచ్చాక, వెల్డింగు దుకాణం ఎదురుగా ఆగాడు. పగిలిన గొట్టానికి అతుకు వేసి పైన పట్టీ పెట్టడానికి అక్కడ అరవై తీసుకునేవాళ్లు.

"బామ్మర్ది, గా పగులు నిజంగనే ఉన్నదా, ఉత్తగ అన్నవా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న సరైన జవాబు 'తెలియదు' అన్నది ఒక్కటే. ఆ మాట నేను అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. ఉంది అంటే, వదిలేసి పోవలసిన సైకిలును కొనిపించినవాణ్ని అవుతాను, జేబులోని వంద తిరిగి ఇవ్వాలి. లేదు అంటే, లేని పగులుకు నూటయాభై కోసిన మొనగాణ్ని అవుతాను.

"ఉత్తదే బావా. ధర కోసం అన్న."

బావ చాలాసేపు నవ్వాడు. గంత సక్కగ ఎట్ల అంటవు అని నా భుజం చరిచాడు. మిగిలిన వందలో టైరు ట్యూబులు మార్పించుకుని, అక్కకు అరకిలో మిర్చిబజ్జీలు కట్టించుకుని, ఆ సైకిలు మీదే ఊరికి పోయాడు.

సోమవారం ఆయన గట్టు మీద ఉన్నాడు. ఇంకొకడు సన్న టైర్లతో వచ్చి బురదలో దిగబడి, సైకిలు భుజాన వేసుకుని వెనక్కి పోయాడని బావ తర్వాత యార్డుకు వచ్చి చెప్పాడు. పార హ్యాండిల్‌కు అడ్డంగా కట్టుకుని తిరిగేవాడు. రోజుకు ముప్పై మూడు కిలోమీటర్లు. నేను కమీషన్ దుకాణంలో ఈ కథ కనీసం ఇరవై మందికి చెప్పి ఉంటాను: మా బావ సైకిలుకు పగులని చెప్పి నూటయాభై ఎట్లా కోశానో.

పంతొమ్మిదో రోజు, రెండో తిరుగుడులో, పట్టపగలు, తూము దగ్గర గట్టు కిందికి దిగే చోట ఫ్రేము గొట్టం తెగి ముందు చక్రం విడిగా ముందుకు పోయింది. బావ తూము రాళ్ల మీద ముఖంతో పడ్డాడు. పార నీళ్లలో పడింది. మధ్యాహ్నం గడ్డి కోసుకుని వస్తున్న ఒకామె చూసేదాకా అక్కడే ఉన్నాడు. ఆ తూము తెరిచే ఉండిపోయి కింది పొలాలకు నీళ్లు పోలేదు. బావ పడిన నాలుగో రోజు రైతులు ఆ ఇంకొకణ్ని పెట్టుకున్నారు. అతనికి లావు టైర్ల సైకిలు వాళ్లే కొనిచ్చారు. బావకు పంతొమ్మిది రోజులకు గాను రెండు క్వింటాళ్లు కొలిచారు.

దవాఖాన పైసలు నేను కట్టాను. తర్వాత సైకిలు ముక్కలు చూడటానికి పోయాను. గొట్టం తెగిన చోట చుట్టుకొలత మూడున్నర అంగుళాలు. అందులో ఒకటిన్నర అంగుళం తెల్లగా మెరుస్తోంది. అది ఆ రోజు తెగింది. మిగతా రెండు అంగుళాలు గోధుమరంగు తుప్పు. అది ఏళ్ల నాటిది. నా గోరు ఆగింది ఆ తుప్పు మీదే. స్కేలు పెట్టి రెండుసార్లు కొలిచాను. రెండుసార్లూ అదే వచ్చింది.

ఇంత తెలిశాక కూడా నేను చేసింది ఏమిటంటే, బావ పడిన ఆరో రోజు ఆ గల్లీకి పోయి, పగిలిన సైకిలు అంటగట్టావు, ఐదు వందలు వాపసు ఇవ్వమని ఆమెను అడిగాను. అడిగాను అంటే మెత్తగా ఉంది, అరిచాను. మంచం ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో నేను అడగలేదు. ఆమె బీడీ చుట్టడం ఆపలేదు. దారం కట్టి, చివర గోరుతో నొక్కి, చాటలో వేసి, అప్పుడు మాట్లాడింది.

"పగులున్నదని నువ్వే అంటివి గదా సారూ. నేను లేదంటే నూటయాభై కోసినవు. ఇప్పుడు ఉన్నదని మళ్ల కోస్తవా?"

నా చెయ్యి జేబులోని స్కేలు మీదికి పోయింది.

"మీ బావవి పండ్లు పోయినయట గదా, ఎన్ని?" అని అడిగింది మళ్లీ.

రెండు అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. సంఖ్య అడిగితే చెప్పడం నాకు అలవాటు.

"ఒక్కో పన్నుకు ఎంత కోస్తవు?"

గల్లీలో ఈసారి అందరూ నవ్వారు. ఆ గల్లీ చివరిదాకా నడిచేసరికి నూట పద్నాలుగు అడుగులు. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

ఆ వారంలోనే నేను కూలిగా తీసుకున్న వంద పట్టుకుని అక్క దగ్గరికి పోయాను. బావ మంచం మీద ఉన్నాడు, భుజానికి కట్టు, నోరు వాచి ఉంది. పది ఐబులూ, వాటి ధరలూ ఆయన ఆమెకు ముందే చెప్పినట్టున్నాడు, శనివారం బజ్జీలు తింటూ నవ్వుకున్నప్పుడే చెప్పి ఉంటాడు. అక్క నా చేతిలోని వంద నోటు తీసుకుని లోపలికి పోయి, చిల్లర తెచ్చింది. ముప్పై ఏడు రూపాయల యాభై పైసలు నా ముందు గద్దె మీద పెట్టింది. రెండు వందల యాభైకి పావలా చొప్పున అరవై రెండున్నర ఆమె ఉంచుకుంది. నూటయాభైకి పావలా చొప్పున వచ్చింది నాకు తిప్పి ఇచ్చింది. అక్క రెండో తరగతి కూడా చదవలేదు. ఆ భాగహారం ఆమె ఎలా చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"గవి అబద్దాల పైసలు, తీస్కున్న. ఇవి పగులువి. మీ బావ చెయ్యి నెత్తి మీదికి లేసిననాడు తీస్కుంట. అప్పటిదాంక నీ మీదనే ఉండనియ్యి," అంది.

బావ మంచం మీద నుంచి ఏదో అనబోయాడు. ఆమె ఆయనను కూడా నోరు మూయమంది. నాతో ఆమె అన్నదాంట్లో ఆ పగులు మాటే చివరిది. తర్వాత ఎనిమిదేళ్లు ఆ ఇంట్లో నాకు నీళ్లు ఇచ్చారు, అన్నం పెట్టారు, పండగకు కబురు కూడా వచ్చింది, అన్నీ బావ నోటి ద్వారానే. ఆ నెలలోనే అక్క చాట ఒళ్లో పెట్టుకుంది.

ఆమె మళ్లీ మాట్లాడింది కూడా లెక్క కోసమే. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఒకరోజు బీడీల పీఎఫ్ కాగితం పట్టుకుని యార్డుకు వచ్చి, కాంటా పక్కన నిలబడి, చూసి చెప్పమంది. సొమ్ము సరిగానే ఉంది. అంతటితో ఊరుకోలేదు. ఈ ఎనిమిదేళ్లలో తను ఎన్ని చుట్టిందో చెప్పమంది. ఏడాదికి రెండు వందల యాభై రోజులు, రోజుకు ఎనిమిది వందలు. ఆమె ఎదురుగానే హెచ్చవేశాను. పదహారు లక్షలు.

"పదహారేనా," అంది అక్క. "నేను ఇంక ఎక్కువనుకున్న." వేళ్లు కొంగులో దాచుకుని ఆటో ఎక్కింది.

బావకు తర్వాత ఒక రైసుమిల్లులో గేటు దగ్గర పని దొరికింది. కుడిచేత్తో గేటు తీయగలడు. నేను ఎప్పుడు పోయినా, గేటు గోడ పక్కన నిలబడి ఎడమ చెయ్యి పైకెత్తి చూపిస్తాడు. గోడ మీద బొగ్గుతో గీసిన గీత ఒకటుంది. మొదటి ఏడాది ఆయన చెయ్యి అక్కడిదాకా లేచింది. "ఇగో బామ్మర్ది, కొల్వు. గీయేడు ఒక వేలు పెరిగింది. గింతకు ఎంత కోస్తవు?" అంటాడు. ముందు పళ్లు లేని నోటితో నవ్వుతాడు. ఆయనకు కోపం లేదు. నన్ను వదిలే ఉద్దేశం కూడా లేదు. జేబులో స్కేలు ఉంటుంది కనుక నేను కొలుస్తాను. పెరగలేదు. కొన్నేళ్లు గీతకు ముప్పావు అంగుళం కిందికే ఉంది.

ఒకసారి దసరాకు నలభై రూపాయలు పట్టుకుపోయాను. అక్క చెయ్యి చాచలేదు. బావ చెయ్యి వైపు చూసి, లోపలికి పోయి గిన్నెలు సర్దుకుంది. ఇంకోసారి సరిగ్గా తెచ్చాను, మూడు పదులు, ఒక ఐదు, ఒక రెండు, ఒక అర్ధరూపాయి బిళ్ల. ఆమె లెక్కపెట్టి, సరిగ్గా ఉందని ఒప్పుకుని, మళ్లీ నా జేబులోనే వేసింది. ఇప్పుడు అర్ధరూపాయి బిళ్ల ఏ దుకాణంలోనూ తీసుకోవడం లేదు. నేను ఒకటి దాచి ఉంచాను, స్కేలు ఉన్న జేబులోనే, చిన్న కాగితంలో చుట్టి.

ఆ సైకిలు అమ్మినామెకు నేను ఎంత బాకీ ఉన్నానో కూడా లెక్క వేశాను. గొలుసు అబద్ధం, గేర్లు, బెల్లు, సీటు, నూట ఇరవై. అది ఇవ్వడానికి పోతే ఆ ఇంట్లో వేరేవాళ్లు కిరాయికి ఉన్నారు. ఆమె ఎటు పోయిందో గల్లీలో ఎవరూ చెప్పలేదు, నాకు చెప్పకూడదనుకున్నారేమో. ఆ నూట ఇరవై అడిగేవాళ్లు లేరు కాబట్టి దాన్ని పక్కన వేరే రాశాను. అడిగేవాళ్లు ఉన్నది ఇంకొకటి. బావ చెయ్యి ఈ ఏడాది కూడా గీతకు కిందే ఉంది. ఇవ్వవలసింది ముప్పై ఏడు రూపాయల యాభై పైసలు.